మీ కంప్యూటర్‌ది ఏ నక్షత్రం?

విశ్వావసు నామ సంవత్సరం, ఆశ్వయుజ బహుళ అష్టమి, మంగళవారం. అంటే 2025 అక్టోబరు 14. అప్పు ఇవ్వడానికి గానీ, ఊరు కదలడానికి గానీ, ఆఖరికి క్షవరానికి గానీ పనికిరాని ఆ రోజున మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 10కి తులసి తీర్థం పోశారు. వార్త మీకు తెలిసిందే. పోస్తూ పోస్తూ ఒక మాట అన్నారు. అప్పట్నుంచీ నా నెత్తికెక్కి కూర్చున్నది ఆ మాటే. మీ కంప్యూటర్ పనిచేస్తూనే ఉంటుందట, ఇకమీదట దానికి రక్షణ మాత్రం ఉండదట. కావాలంటే ఇంకో ఏడాది ఆయుష్షు పోస్తారట. అయితే ముందు మీది ఏ వెర్షనో చూసుకోవాలట. 22హెచ్2 అయితేనే ఆయుర్దాయం. మరొకటైతే మీ ఖర్మ.

ఏమిటీ 22హెచ్2 అని ఆరా తీశాను. 2022వ సంవత్సరం, రెండో అర్ధభాగం అని తేలింది. అర్ధభాగం! ఏడాదిని నిలువునా రెండుగా చీల్చి ఒకదాన్ని ఉత్తరాయణమనీ, రెండోదాన్ని దక్షిణాయనమనీ అనుకునే జాతికి దీన్ని విడమరిచి చెప్పాలా? 22హెచ్2 అంటే శుభకృత్ నామ సంవత్సరం, దక్షిణాయనం. మైక్రోసాఫ్ట్ వారి రెడ్‌మండ్ ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఇంజినీర్లని ఇన్నేళ్లూ భ్రమపడ్డాం. వాళ్లు సిద్ధాంతులు. వాళ్లు రాస్తున్నది సాక్షాత్తూ పంచాంగం.

నమ్మరా? వాళ్లు దోషాలకు పరిహారాలు విడుదల చేసేది ఎప్పుడు? ప్రతి నెలా రెండో మంగళవారం. 2003 నుంచీ ఇదే ఆచారం. వారం తప్పరు. విండోస్ 10 జననం 2015 జులై 29. మన్మథ నామ సంవత్సరం, ఆషాఢ మాసం. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడని నెలలో కొత్త విండోస్ మన ఇళ్లలో కాలుపెట్టింది. గోదావరి పుష్కరాలు ముగిసిన నాలుగో నాడు పుట్టిన ఆ బిడ్డ మళ్లీ పుష్కరం చూడకుండానే పోయింది. పదేళ్లంటే సరిగ్గా చంద్ర మహాదశ. ఆ తర్వాత వచ్చేది కుజదశ. కుజుడంటే మంగళుడే కదా, మంగళవారమే పోయింది. లెక్క ఎక్కడా తప్పలేదు.

జాతకం మాత్రం తప్పింది. 2015 మే నెలలో షికాగోలో జరిగిన సభలో జెర్రీ నిక్సన్ అనే కంపెనీ ఉద్యోగి, విండోస్ 10యే ఆఖరి విండోస్ అని ప్రవచించాడు. అంటే చిరంజీవి అన్నమాట. 2021 అక్టోబరు 5న తమ్ముడు 11 పుట్టాడు. పూర్ణాయుష్షని రాసిచ్చిన సిద్ధాంతి మన ఊళ్లో అయితే ఆ వీధిన మళ్లీ తిరగగలిగేవాడా?

ఇక అసలు కథ. తెనాలిలో నాకో చిన్ననాటి మిత్రుడున్నాడు. డీటీపీ సెంటరు నడుపుతాడు. పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో శుభలేఖలు కొడతాడు. వేలమందికి ముహూర్తాలు అచ్చువేసిన వాడికి తన కంప్యూటర్ జన్మలగ్నం తెలియలేదు. ఫోన్ చేశాడు.

"ఒరేయ్, మాది ఏ విండోసో చెప్పు."

"నీ ముందున్న కంప్యూటర్ని హైదరాబాద్‌లో ఉన్న నేనెలా చూడనురా?"

"డబ్బా మీద స్టిక్కర్ ఉంది. విండోస్ 7 అని."

"అది పుట్టినప్పటి పేరు. తర్వాత ఎవరో ఊరికే వస్తోందని 10 ఎక్కించి ఉంటారు. ఎనీడెస్క్ వేసుకో, ఇక్కణ్ణుంచే నేను చూస్తాను."

అవతల నిశ్శబ్దం. ఆ తర్వాత గొంతు మారింది. "నువ్వు నిజంగా నువ్వేనా? మన తెలుగు మాస్టారి ఇంటి పేరు చెప్పు చూద్దాం."

వాడి తప్పేం లేదు. ఎనీడెస్క్ వేసుకోమనేవాడు ఖాతా ఊడ్చేస్తాడని 2019లోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. మాస్టారి ఇంటి పేరు చెప్పి పరీక్ష నెగ్గాను గానీ, ఎనీడెస్క్‌కి మాత్రం వాడు ఒప్పుకోలేదు. సరే, విండోస్ గుర్తున్న మీటనీ ఆర్ అక్షరాన్నీ కలిపి నొక్కమన్నాను. చిన్న పెట్టె వస్తుంది, అందులో విన్‌వర్ అని కొట్టమన్నాను.

"ఏవో పిచ్చి గుర్తులు పడుతున్నాయిరా. వైరస్సా?"

"అను కీబోర్డు ఆన్‌లో ఉంది. దాన్ని ఆపి కొట్టు."

"వచ్చింది. వెర్షన్ 1909 అని ఉంది." ఒక్క క్షణం ఆగి, వృత్తి ధర్మం కొద్దీ లెక్క కట్టాడు. "1909 అంటే సౌమ్య నామ సంవత్సరం కదరా! మా తాత పుట్టిన ఏడు. నాకీ పాత సరుకు అంటగట్టిందెవరు?"

వాణ్ని శాంతపరిచి సిద్ధాంత భాగం చెప్పాను. మొదట్లో ఈ పంచాంగకర్తలు అయనాలు వాడలేదు, మాసాలు వాడారు. 1909 అంటే 19వ ఏడు, 09వ నెల. వికారి నామ సంవత్సరం, 2019 సెప్టెంబరు. ఆ వెంటనే వచ్చిన దానికి 2004 అని పేరు పెట్టారు. అది 2004 సంవత్సరం అనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే. 2020, ఏప్రిల్. ఇలా ప్రపంచాన్నంతా కంగారు పెట్టాక, మాసాలు వదిలేసి అయనాల్లోకి దిగి 20హెచ్2 అన్నారు. మాసాలు పోయి అయనాలు వచ్చాయని తెనాలిలో దండోరా వేయించినవాడు లేడు.

మరో సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇళ్లలో, చిన్న దుకాణాల్లో వాడే 1909కి రక్షణ 2021 మే 11నే ముగిసింది. పేజ్‌మేకర్ ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతో అప్‌డేట్లన్నీ ఎప్పుడో ఆపించేశాడు వాడు. అంటే వాడి కంప్యూటర్ కాలం చేసి నాలుగేళ్లు దాటింది. పాపం ఆ సంగతి దానికీ తెలియదు, వాడికీ తెలియదు. అదింకా పెళ్లిళ్లు చేయిస్తోంది.

ఇదే పట్టున మిగతా జాతకాలు కూడా తిరగేశాను. మన పంచాంగంలో అప్పుడప్పుడూ అధిక మాసం వస్తుంది, ఎప్పుడో అరుదుగా క్షయ మాసం వచ్చి ఒక నెల మాయమవుతుంది. అక్కడా అంతే. విండోస్ 8 తర్వాత వచ్చిన 8.1 అధికం. ఆ పక్కనున్న 9 క్షయం, లోకంలో కెవ్వుమనకుండానే పోయింది. ఎంఎస్ ఆఫీసు వంశంలో 2007 వాడి లోపలి సంఖ్య 12, 2010 వాడిది 14. నడుమ 13 లేదు. కలిసిరాని అంకె కదా, పక్కకు నెట్టారు. ఇంత ఆచారవంతుల్ని పట్టుకుని నాస్తికులంటే కళ్లు పోతాయి.

యాపిల్ వారు ఇంకా నిష్ఠాపరులు. 2025 జూన్‌లో ఒక్క ప్రకటనతో 19 మొదలుకుని 25 దాకా ఏడు సంఖ్యల్ని క్షయం చేసి, ఐఓఎస్ 18 తర్వాత 26 అన్నారు. ఆ తర్వాతి ఏడు 2026 గనక ఆ పేరట. 2025లోనే 26 వచ్చేసింది. ఉగాదికి ఆర్నెల్లు ముందే పచ్చడి పంచడం వాళ్లకే చెల్లింది.

గోత్రం విషయానికొస్తే ఇంకా గందరగోళం. విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి వెర్షన్ అడగండి. అది 10.0 అంటూ మొదలుపెడుతుంది. పేరు 11, ప్రవర 10. ఆఫీసు 2016, 2019, 2021, 2024 ఇవన్నీ లోపల 16. నాలుగు వేర్వేరు జననాలకు ఒకటే లగ్నం! దూరాన ఉన్న మిత్రుడు "నాది పదహారురా" అని ఫోన్లో అంటే, ఆ పదహారు నాలుగింటిలో ఏ పదహారో తేల్చడానికి బ్రహ్మదేవుడు దిగిరావాలి.

కాబట్టి ప్రభుత్వాలకు నాదో వినతి. మండలానికొక వెర్షన్ సిద్ధాంతిని నియమించండి. వారు ఐదు అంగాలూ చూసి చెబుతారు. తిథి స్థానంలో ఎడిషన్, హోమా ప్రోనా. వారం స్థానంలో వెర్షన్. నక్షత్రం స్థానంలో బిల్డ్ నంబరు. యోగం స్థానంలో బిట్లు, 32 ఉంటే హీనం, 64 ఉంటే శ్రేష్ఠం. కరణం స్థానంలో టీపీఎం అనే చిప్పు. అది 2.0 కాకపోతే కంప్యూటర్‌కి 11 యోగం లేదు. ఇంటెల్ వారి చిప్పయితే ఎనిమిదో తరమో ఆ తర్వాతిదో అయి ఉండాలి. తరాల పట్టింపు మనకే ఉందనుకున్నాం గానీ, వాళ్లకు మనకంటే ఎక్కువ. ఏడో తరం చిప్పు ఎంత చక్కగా పనిచేస్తున్నా, ఒకటీ అరా తప్ప సంబంధం కుదరదు, జాతకం వెనక్కి పంపేస్తారు.

ఉగాది నాడు వెర్షన్ పంచాంగ శ్రవణం కూడా పెట్టించండి. విండోస్ 10 రాశివారి ఫలాలు నేనే చదివేస్తాను. ఆదాయం సున్న. వ్యయం 30 డాలర్లు, అటూ ఇటూగా రెండున్నర వేల రూపాయలు. అది కట్టలేనివారికి పరిహారాలు రెండు. మైక్రోసాఫ్ట్ వారి వాకిట్లో తిరిగి సంపాదించిన వెయ్యి రివార్డు పాయింట్లు సమర్పించుకోవడం ఒకటి. మీ కంప్యూటర్ సెట్టింగులన్నీ వారి క్లౌడ్‌కి అప్పగించుకోవడం రెండోది. శాంతి ఫలం 2026 అక్టోబరు 13 దాకా. అదీ మంగళవారమే.

ఇక రాజపూజ్యం, అవమానం. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు.

ఎందుకంటే ఈ రాశివాళ్లందరికీ ఫలం ఒకటి కాదు. ఐరోపా ఆర్థిక ప్రాంతంలోని 30 దేశాలవాళ్లకు ఈ అదనపు ఏడాది ఆయుష్షు ఉచితం. 30 డాలర్లు అక్కర్లేదు, పాయింట్లు అక్కర్లేదు, సెట్టింగులు క్లౌడ్‌కి ఎక్కించనక్కర్లేదు. ఖాతాలో లాగిన్ అయితే చాలు. అక్కడి వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీశాయి, గడువు ముంచుకొచ్చేసరికి 2025 సెప్టెంబరులో కంపెనీ దిగివచ్చింది. అదే విండోస్, అదే 22హెచ్2, అవే అప్‌డేట్లు. ఫ్రాన్సులో ఊరకే ఇవ్వగలిగినదాన్ని తెనాలిలో డబ్బుకో సమాచారానికో ఎందుకు అమ్ముతున్నారు? అప్‌డేటుకి సముద్రం దాటే ఖర్చేమైనా ఉందా? లేదు. ఇక్కడ అడిగేవాడు లేడు. అదొక్కటే తేడా.

అడగాల్సినవాళ్లు లేరని కూడా అనలేం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. 2020 నుంచి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఉంది. శుభ్రంగా పనిచేస్తున్న యంత్రాన్ని ఒక కంపెనీ తేదీ చూసి చచ్చిపోయిందని ప్రకటిస్తే, యజమానికి ఏం హక్కుందో చెప్పాల్సింది వాళ్లే. 11కి ఎక్కలేని కంప్యూటర్లు ప్రపంచం మొత్తమ్మీద 24 కోట్ల దాకా చెత్తలో పడొచ్చని కెనాలిస్ అనే పరిశోధనా సంస్థ 2023 చివర్లోనే అంచనా కట్టింది. ఆ చెత్త రెడ్‌మండ్‌లో పడదు. ఢిల్లీ సీలంపూర్‌లో బోర్డుల్ని యాసిడ్‌లో ముంచి రాగి తీసే చేతుల్లో పడుతుంది. పాతది ఇచ్చేసి కొత్తది కొనుక్కోండి, లేదా రీసైకిల్ చేయించండి అని మైక్రోసాఫ్ట్ వారు ఎంత మర్యాదగా చెప్పినా, మన పెరట్లో పడే కుప్ప మాత్రం తగ్గదు.

అసలు తన కంప్యూటర్ బతికుందో లేదో తెలుసుకోవడానికి ఒక మనిషి మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న స్నేహితుణ్ని బతిమాలుకోవాల్సి రావడమే దుర్మార్గం. ఇది పెద్ద శాస్త్రం కాదు. తెర మీద ఒక మూల, తెలుగులో, ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది: దీనికి రక్షణ ఫలానా తేదీ దాకా. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఫోన్లూ స్మార్ట్ టీవీలూ అమ్మేవాళ్లు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో కొనే ముందే చెప్పి తీరాలి. చట్టం చేశారు గనక చెబుతున్నారు. మనకు అలాంటి చట్టం కావాలి, అందులో కంప్యూటర్లు కూడా ఉండాలి.

ఈలోగా మీరు చేయగలిగింది ఇది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ అని కొట్టండి. 22హెచ్2 కాకపోతే విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి ముందు అక్కడిదాకా తెచ్చుకోండి. తర్వాత అదే చోట ఏడాది పొడిగింపుకి పేరు నమోదు చేసుకోండి. మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోన్ చేసేవాడు దొంగ, పెట్టేయండి. ఆపైన మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. అందులో ఒక్క ప్రశ్న చాలు: ఐరోపా వాడికి ఊరకే ఇచ్చింది మాకెందుకు ఊరకే ఇవ్వరు?