ముద్దాయి ముందు, దర్యాప్తు తర్వాత

ఎక్కడో సర్వర్లు కుప్పకూలాయని కబురు అందీ అందకముందే దొంగెవరో తేల్చేసే మహానుభావులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. వాళ్ల పరిశోధనకు కంప్యూటర్ అక్కర్లేదు. ఆ వారం తమ సర్కారుకు ఎవరితో చెడిందో తెలిస్తే చాలు. వాషింగ్టన్‌లో అడిగితే రష్యా, మాస్కోలో అడిగితే అమెరికా. నేరం ఒకటే, ముద్దాయిలే ఊరికొకరు.

ఈ పాండిత్యానికి 2018 ఫిబ్రవరి 9న దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో గట్టి పరీక్షే ఎదురైంది. శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవం వేళ వైఫై ఆగిపోయింది, వెబ్‌సైట్ పడిపోయింది, కొన్నవాళ్లకు టికెట్లు ప్రింటు కాలేదు. దాడికి వాడిన కోడ్‌లో ఉత్తర కొరియా ముఠా ఆనవాళ్లున్నాయని ఒకరు, చైనా పోలికలున్నాయని ఇంకొకరు, రష్యాదేనని మరొకరు. ఆ ఉత్తర కొరియా గుర్తు ఎవరో పనిగట్టుకుని అతికించిన నకిలీదని సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ పరిశోధకులు ఆ తర్వాత బయటపెట్టారు. దొంగ పోతూ పోతూ పక్కింటాయన చెప్పులు వదిలి వెళ్తే, పండితులు ఆ చెప్పుల సైజు కొలిచి తీర్పు చెప్పేశారన్నమాట! 2020 అక్టోబరులో గానీ అమెరికా న్యాయశాఖ ఆరుగురు రష్యా సైనిక గూఢచారులపై అభియోగం మోపలేదు. మాకేం తెలియదని రష్యా యథావిధిగా అంది.

పేరు చెప్పడంకంటే గొప్ప విద్య పేరు మింగేయడం. 2017 మే 12న వాన్నాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్ 150 దేశాల మీద పడింది. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో సాక్షాత్తూ పోలీసుల కంప్యూటర్లే బందీలయ్యాయి. డిసెంబరులో అమెరికా ఉత్తర కొరియా వైపు వేలెత్తింది. నిజమే కావచ్చు. మరి ఆ దాడికి వాడిన ఆయుధం ఎవరిది? అమెరికా జాతీయ భద్రతా సంస్థ నుంచి చోరీ అయిందని మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ ఆ వారాంతంలోనే రాశాడు. దాన్ని బజారున పడేసిన షాడో బ్రోకర్స్ అనే ముఠా ఎవరో ఇప్పటికీ అధికారికంగా తేలలేదు. ఎక్కడో ప్యాంగ్యాంగ్‌లో మీట నొక్కినవాడు దొరికాడు గానీ, సొంత బీరువాలోంచి సరుకు ఎత్తుకెళ్లినవాడు దొరకలేదు!

ఇందులో వ్యాపారమూ ఉంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మరో వైరస్ దెబ్బకు మెర్క్ మందుల కంపెనీ విలవిల్లాడింది. ఆ దాడి రష్యాదేనని అమెరికా, బ్రిటన్ ప్రకటించాయి. ఇంకేం, ఇది యుద్ధం, యుద్ధానికి పరిహారం లేదంటూ బీమా కంపెనీలు చేతులు దులుపుకోబోయాయి. న్యూజెర్సీ కోర్టు ఒప్పుకోలేదు కాబట్టి సరిపోయింది.

అసలు గుట్టు ఇంకొకటి. వాన్నాక్రై దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. దాడికి ముందు దాదాపు రెండు నెలల గడువు! ఆ గడువంతా ఫైళ్ల కింద నిద్రపోయిన ఆఫీసుల్లో ‘అప్‌డేట్ వేయలేదు’ అంటే మెమో వస్తుంది. ‘విదేశీ కుట్ర’ అంటే సానుభూతి వస్తుంది, పైగా కొత్త కంప్యూటర్లకు బడ్జెట్ కూడా. కిమ్ జోంగ్ ఉన్‌ను మించిన ఆపద్బాంధవుడు అలాంటి అధికారికి ఇంకెవరున్నారు?

కాబట్టి ఈసారి ఎవరైనా మైకు ముందుకొచ్చి శత్రుదేశం పేరు చెబితే, ఆధారం ఎక్కడని అడగండి. అప్‌డేట్ ఏ రోజు వచ్చింది, మీరు ఏ రోజు వేశారు అని కూడా అడగండి. దొంగను పట్టే పని గూఢచారులది. తలుపు వేయనివాడికి జీతమిచ్చేది మనం. ముందు వాణ్ణి నిలదీయండి.