పెట్టె మీది అంకెకు టీకా తాత్పర్యం

అవతారిక: గ్రాఫిక్స్ కార్డు కొనడానికి రేపు కొట్టుకు వెళ్ళనున్న మేనల్లుడు, ఫోన్‌లో రెండు పెట్టెల బొమ్మలు చూపించి "ఏది తీసుకోను మామయ్యా?" అని అడిగాడు. ఒకటి 2021 నాటి ఆర్టీఎక్స్ 3060, రెండోది 2023 నాటి ఆర్టీఎక్స్ 4060. సూటిగా చెప్పలేని మేనమామ పద్యం చెప్పాడు. ఆ పద్యమిది.

ఆ. పెట్టె మీది యంకె పెద్దది యనుకొని
కార్డు కొనకు వట్టి కాంతిఁ జూచి
బాట వెడలుపెంత బరువెంత మోయునో
తెలియకున్న జేబు తేలికగును

ప్రతిపదార్థం: పెట్టె మీది = అట్టపెట్టెపై అచ్చువేసిన; అంకె = సంఖ్య; పెద్దది అనుకొని = తక్కిన వాటికన్న ఎక్కువని భ్రమించి; వట్టి కాంతిఁ జూచి = ఫ్యాన్ల చుట్టూ తిరిగే ఆర్జీబీ రంగుల దీపాలకు మురిసి; కార్డు కొనకు = డబ్బు కట్టకు; బాట వెడలుపు ఎంత = మెమరీ బస్సు ఎన్ని బిట్లో; బరువు ఎంత మోయునో = (దీనిపై వివాదం ఉంది, కింద చూడండి); తెలియకున్న = ఎరగకపోతే; జేబు తేలికగును = స్పష్టం.

"ఓ మేనల్లుడా!" అన్న సంబోధనను అధ్యాహారం చేసుకోవాలి.

వ్యాఖ్య: "అంకె పెద్దదైతే బలమూ పెద్దదే కదా?" అని శంక. కాదు. 2018లో వచ్చిన 2080 టీఐలో కోర్లు 4,352. 2020లో వచ్చిన 3070లో 5,888. కోర్లు మూడో వంతుకు పైగా పెరిగాయి. ఆటలో మాత్రం రెండూ ఇంచుమించు సమఉజ్జీలు. ఇదెలా? పాతదాంట్లో దశాంశాల లెక్కకు ఒక బృందం, పూర్ణాంకాల లెక్కకు వేరే బృందం ఉండేవి; మొదటి బృందాన్నే కోర్లుగా లెక్కపెట్టారు. కొత్తదాంట్లో రెండో బృందానికీ దశాంశాలు నేర్పి, వాళ్ళనూ కోర్ల లెక్కలో కలిపారు. పెళ్ళి పంక్తిలో నీళ్ళు పోసేవాళ్ళను కూడా వడ్డించేవాళ్ళ కింద లెక్కగట్టినట్టన్న మాట. అబద్ధమేమీ లేదు, వాళ్ళూ వడ్డిస్తారు. కాని ఎవరైనా "నీళ్ళు!" అన్నప్పుడల్లా ఒకడు పప్పు గిన్నె కింద పెట్టాల్సిందే.

బాట వెడలుపు: మెమరీ నుంచి చిప్పుకు సరుకు చేరే దారి. బిట్లను 8తో భాగించి, మెమరీ వేగంతో గుణిస్తే సెకనుకు ఎన్ని గిగాబైట్లు సాగుతాయో తేలుతుంది. 3060కి 192 బిట్లు, వేగం 15, కాబట్టి 360. 4060కి 128 బిట్లు, వేగం 17, కాబట్టి 272. కొత్తదాని బాటే ఇరుకు!

ఇక్కడ పూర్వపక్షి లేచి, "అయితే కవిగారి మాట ప్రకారం 3060నే కొనాలి. కాని మామూలు 1080పీ తెర మీద చాలా ఆటల్లో 4060దే పైచేయి. పద్యం తప్పు" అంటాడు. సమాధానం: 3060లో ఎల్2 కాష్ 3 ఎంబీ, 4060లో 24 ఎంబీ. రోజూ వాడే పోపు దినుసులు పొయ్యి పక్క గూట్లోనే ఉంటే, కొట్టుగదికి పోయే దారి ఇరుకైతేనేం? పైగా గడియారం కూడా 1,777 మెగాహెర్ట్‌జ్ నుంచి 2,460కి పెరిగింది. కవి "తెలియకున్న" అన్నాడే గాని వెడల్పాటిదే కొనమనలేదు. కాబట్టి పద్యం నిర్దోషం. ఈ సమర్థన కవికి తట్టి ఉండదు; అందుకే వ్యాఖ్యాతలు పుట్టారు.

బరువు: దీనిపై మూడు మతాలు. మొదటి వ్యాఖ్యాత ప్రకారం బరువంటే వీర్యామ్, అంటే కార్డు సొంత మెమరీ. 3060కి 12 జీబీ, 4060కి 8. ఆట సామగ్రి 8లో పట్టకపోతే మిగిలింది కంప్యూటర్ ర్యామ్‌లోకి పొర్లుతుంది, తెర మీది బొమ్మ కాళ్ళీడుస్తుంది. అప్పుడు మాత్రం పాతదే గట్టి. రెండో ఆయనకు బరువంటే కరెంటు: పాతది 170 వాట్లు, కొత్తది 115. మూడో ఆయన బరువంటే బరువే అన్నాడు. తక్కిన ఇద్దరూ నవ్వారు. రెండు కిలోలు దాటిన 4090 కింద ఊతకర్ర పెట్టిన క్యాబినెట్టును ఆయన చూపించాక నవ్వడం మానేశారు.

దోష విచారం: సగటున సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు. సగటు బాగానే ఉన్నా, నడుమ ఒక్క ఫ్రేముకు 100 పడితే చేతికి కుదుపు తెలుస్తుంది. గణాలన్నీ సరిపోయిన పద్యంలో ఒకచోట యతి తప్పితే చెవికి తగలదా? అందుకే సమీక్షకులు సగటు పక్కన "1 శాతం లో" అని మరో అంకె వేస్తారు. అది యతిభంగాల పట్టీ.

ప్రక్షిప్త విచారం: 2025 జనవరిలో లాస్ వేగాస్ వేదిక మీద ఎన్విడియా అధినేత జెన్సెన్ హువాంగ్, 549 డాలర్ల 5070 కార్డు 4090 అంత పనితనం చూపుతుందన్నాడు. 4090కి 16,384 కోర్లు, 24 జీబీ. 5070కి 6,144 కోర్లు, 12 జీబీ. అతిశయోక్తి అలంకారమా? కాదు, ప్రక్షిప్తం. కార్డు ఒక ఫ్రేము నిజంగా గీస్తుంది, కృత్రిమ మేధ దాని వెంట మూడు దాకా అల్లి చేరుస్తుంది. కవి ఒక పద్యం రాస్తే లేఖకుడు మూడు కలిపినట్టు. పఠనం ధారాళంగా సాగుతుంది. కాని మీట నొక్కినప్పుడు ఆ నొక్కుడుకు బదులు చెప్పేది కవి పద్యమే.

ఛందస్సు: ఆటవెలది. ఆటకు వెల అది గనుక ఔచిత్యం కుదిరింది.

తాత్పర్యం: ఓ మేనల్లుడా! ముందు నీ తెర ఎంతో, నువ్వు ఆడే ఆట ఏదో చూసుకో. ఆ ఆటను ఆ తెర మీద నడిపి కొలిచిన లెక్క ఒక్కటి, పెట్టె మీది పది అంకెల పెట్టు. 1080పీ తెర, కరెంటు పొదుపు కావాలంటే 4060. వీర్యామ్ ఎక్కువ మింగే పనులుంటే 3060. దీపాలు కావాలంటే దీపావళి దాకా ఆగు.

పాఠాంతరం: నాలుగో పాదంలో "తెలియకున్న" అనేచోట కొన్ని ప్రతుల్లో "తెలిసియున్న" అని ఉంది. ఏది కవి పాఠమో తేల్చడానికి మేనల్లుడు బిల్లు పట్టుకుని వచ్చేదాకా ఆగాం. ఛందస్సు రెండింటికీ సరిపోయింది. అర్థమూ సరిపోయింది.