పారని ఏరు, పారిపోయే మనిషి

మా రాయచోటిలో మనిషి పరిగెత్తాలంటే మూడే కారణాలు. వెనక కుక్కయినా ఉండాలి, ముందర బస్సయినా ఉండాలి, లేదంటే పోలీసు ఉద్యోగమైనా కావాలి. ఈ మూడూ లేకుండా యాభై రెండేళ్ల దస్తావేజు రైటరు ఒకడు తెల్లారుజామున నిక్కరేసుకొని, కడప రోడ్డెంబడి రొప్పుకుంటూ పోతున్నాడంటే ఊరు ఊరుకుంటుందా?

ఊరుకోలేదు. మొదటిరోజే టీ అంగడి పెద్దాయన గ్లాసు కడుగుతూ కేకేశాడు.

"ఏం సామీ, ఎవురన్నా తరుముకోనొస్తాండారా?"

"లేదు న్నా, ఊరికే."

"ఊరికే ఎవురన్నా పరిగెత్తుతారా? మన మాండవ్య నదే పారకుండా పడుండాది, నువ్వెందుకు సామీ పారిపోతాండావు?"

అసలు కారణం షుగరు. దానికి కారణం కుర్చీ. 2022 ఏప్రిల్ 4న మా ఊరు కొత్త అన్నమయ్య జిల్లాకు కేంద్రమైనప్పుడు, అంతవరకూ వైయస్సార్ జిల్లా అని రాసిన చేత్తోనే అన్నమయ్య జిల్లా అని రాయడం మొదలుపెట్టాను. జిల్లా కదిలింది గానీ నేను కుర్చీలోంచి కదల్లేదు. రిపోర్టు చూసిన డాక్టరు నడవమన్నాడు. నడుచుకునేవాణ్ణి పరుగులోకి దించింది మాత్రం మా క్లబ్బు. క్లబ్బంటే గొప్పగా ఊహించుకోకండి. ఎరువుల అంగడాయన, ఆయన తమ్ముడు, ఇన్సూరెన్సు ఏజెంటు, రిటైరైన డ్రిల్లు సారు, నేను. వాట్సాప్‌లో గుడ్ మార్నింగులు పెట్టేది అయిదుగురమూ. రోడ్డు మీదికొచ్చేది ముగ్గురం. పరిగెత్తేది ఎందరని అడగడం మర్యాద కాదు.

పరుగుకి మాకు దొరికేది చలికాలం ఒక్కటే. ఎండాకాలంలో ఏడు గంటలకే తారు మెత్తబడే ఊరు మాది. ధనుర్మాసం పొద్దు మాత్రం వేరు. వీరభద్రస్వామి గుడి వైపు నుంచి మైకులో పాట లీలగా వినపడుతుంటుంది, మామిడి తోటల మీద పల్చగా మంచు, మంకీ క్యాపుల్లోంచి కళ్లు మాత్రమే కనిపించే జనం. ఉన్న చలి ఎంతని అడిగితే ఢిల్లీ వాళ్లు నవ్వుతారు గానీ, మాకది రెండు దుప్పట్ల చలి. అంత చలిలో మోకాళ్లు బయటపెట్టినవాణ్ణి చూసి పాలు పోసేవాళ్లు సైకిలు దిగి మరీ జాలిపడేవారు.

గ్రౌండులో ఇంకో అవమానం. పోలీసు సెలెక్షన్ల కోసం పిల్లకాయలు అక్కడ చీకట్లోనే చేరతారు. కానిస్టేబులు కావాలంటే 1600 మీటర్లు మగవాళ్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చెయ్యాలి. ఒకరోజు వాళ్లతో పాటు నేనూ దిగాను. 10 నిమిషాల 50 సెకన్లు పట్టింది. ఆ కాసేపట్లోనే ఒక ఆడపిల్ల నన్ను రెండుసార్లు దాటింది. రెండోసారి దాటుతూ, "మామా, లోపలి గీత వదిలి పక్కన పరిగెత్తండి" అంది ఎంతో గౌరవంగా. వాచీ పట్టుకున్న కుర్రోడు నన్ను ఓదార్చాడు. "ఏం పర్వాలేదు సార్, మీకు ఏజ్ బార్ కూడా అయిపోయింది."

ఆ కసితోనే విశాఖ నేవీ మారథాన్‌లో పేరిచ్చాను. మారథాన్‌లో కాదులెండి, అందులో పది కిలోమీటర్ల పరుగులో. అసలు మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోట ముగించారు. ఆ దూరాన్నే 1921లో లోకమంతటికీ ఖాయం చేశారు. సర్వేయరు లేకుండా హద్దులు వేస్తే కొలతలు ఇట్లాగే చిల్లరగా వస్తాయి. మా లెక్కలో చెప్పాలంటే, రాయచోటిలో బయలుదేరి గువ్వలచెరువు ఘాట్ దిగి, ఇంకా కడప చేరకముందే మారథాన్ అయిపోతుంది. మిగతా దూరానికి ఆటో మాట్లాడుకోవాలి. కెన్యా ఆయన కెల్విన్ కిప్టమ్ 2023లో చికాగోలో ఈ దూరాన్ని 2 గంటల 35 సెకన్లలో పరిగెత్తాడు. ఘాట్‌లో లారీ ఆగిపోయిన రోజు మా బస్సు ఆయన కంటే వెనకే.

జీవితమంతా పరాయివాళ్ల రిజిస్ట్రేషన్లకే తిరిగినవాణ్ణి, నా పేరు మీద జరిగిన రిజిస్ట్రేషన్ ఇదొక్కటే. కింద ఒక షరతు ఉంది: పరుగులో ప్రాణానికేమైనా జరిగితే పూర్తి బాధ్యత నాదేనట. డబ్బు కట్టేదీ నేనే, చస్తే పూచీ కూడా నేనే! ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత ఏకపక్షమైన దస్తావేజు నేను రాయలేదు. రాసినవాడెవరో గానీ, చెయ్యి తిరిగినవాడు.

మా ఊరికి రైలు లేదు. కడప దాకా బస్సు, అక్కడ తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రంతా ప్రయాణం. పది కిలోమీటర్లు పరిగెత్తడానికి రాష్ట్రం ఈ మూల నుంచి ఆ మూలకు కూర్చుని పోవడంలో ఏదో తేడా ఉందని మా ఆవిడ చిత్రాన్నం మూట కడుతూనే చెప్పింది. విశాఖలో దిగి ఫోను చేశాను.

"నంబరు చీటీ ఇచ్చినారు. దాని వెనక చిప్పు కూడా ఉండాది."

"నేను చెప్తానే ఉండా, ఆఖరికి నీ చేతికి చిప్పే వస్తాదని."

అది టైము లెక్కబెట్టే చిప్పని చెప్పేలోపే ఫోను పెట్టేసింది.

తెల్లారి ఆర్కే బీచ్. చలికాలమన్న మాటే గానీ, సముద్రం గాలి జిగట. కదలకముందే బనియను ఒంటికి అతుక్కుంది. మాది పొడి చలి, ముఖం పగులుతుందే గానీ చెమట పట్టదు. మొదటి కిలోమీటరు నిదానంగా పోవాలని డ్రిల్లు సారు పాతికసార్లు చెప్పి పంపాడు. కానీ చుట్టూ అందరూ ఉరుకుతుంటే నిదానంగా పోవడం, పెళ్లి పంక్తిలో అందరూ లేచాక కూర్చుని తిన్నట్టుంటుంది. నేనూ ఉరికాను. రెండో కిలోమీటరుకి డొక్కలో పోటు. మూడోదానికి చీర మీద బూట్లేసుకున్న ఒక పెద్దావిడ నన్ను దాటి, వెనక్కి తిరిగి చూసి, ఇంకాస్త దాటింది. అప్పటికి నా పరిస్థితిని దస్తావేజులో రాస్తే చెక్కుబందీ ఇలా ఉంటుంది. తూర్పు: బంగాళాఖాతం. పడమర: హోటళ్లు. ఉత్తరం: నాకంటే ముందున్న సమస్త జనం. దక్షిణం: అంబులెన్సు. ఇందు మధ్య గల నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో.

రోడ్డు పక్కన కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడు మ్యూజియమై ఇసుకలో పడుకుంది. అన్నేళ్లు సముద్రమంతా తిరిగినదాన్ని ఇప్పుడెవరూ కదలమనరు. పైగా టికెట్టు కొనుక్కొచ్చి చూసిపోతారు. దాని పక్కన ఒక్క క్షణం ఆగాను.

పూలమ్మే ఆమె వదల్లేదు. "ఏటి బాబూ, ఆగిపోనావు? యే ఊరు మీది?"

"రాయచోటి అమ్మా. కడప దగ్గర."

"అంత దూరం నుంచొచ్చి ఇక్కడ పరిగెడతన్నావా? మీ ఊర్లో రోడ్లు నేవేటి?"

దానికి జవాబు దొరక్క పరిగెత్తాను. నా పది కిలోమీటర్లలో వేగంగా పోయింది ఆ ముక్కే. చివరికి ఒక గంటా 27 నిమిషాలకు గీత దాటాను. మెడలో మెడల్ వేశారు, అరటిపండు ఇచ్చారు. రెండూ తీసుకున్నాక మెట్లు దిగలేక, పిక్కలు పట్టేసి, వెనక్కి తిరిగి ఒక్కో మెట్టూ దిగాను.

వచ్చేటప్పుడు గువ్వలచెరువులో దిగి పాలకోవా కొన్నాను. ఇంట్లో మెడల్‌నీ కోవానీ పక్కపక్కన పెడితే మా ఆవిడ రెండిటినీ చూసి, కోవా తీసి దాచిపెట్టి, "షుగరుకి పరిగెత్తి షుగరే తెచ్చినావు" అంది. మెడల్ దాచిపెట్టే పని ఆమెకు కనపడలేదు.

ఆ వారమే తుపాను వాన పట్టింది. మూడు రోజులు ముసురు. నాలుగో పొద్దున బూట్లేసుకుని బయటపడితే రోడ్డు మీద మనిషి లేడు. అందరూ వంతెన మీదే ఉన్నారు. టీ అంగడి పెద్దాయన అంగడి వదిలేసొచ్చి గోడకానుకుని చూస్తున్నాడు. కింద మాండవ్య, ఎర్రగా, పుల్లలూ చెప్పులూ ప్లాస్టిక్కూ మోసుకుంటూ, గబగబా పోతోంది. పోలీసు సెలెక్షన్ల పిల్లకాయలు కూడా పరుగు మానేసి సెల్‌ఫోన్లలో తీస్తున్నారు. నేనూ ఆగి, ఆయన పక్కన నిలబడ్డాను.

"చూడు సామీ," అన్నాడు నీళ్ల మీంచి చూపు తిప్పకుండా, "దీనికి గూడా షుగరొచ్చినట్టుండాది."