మోసాల మాస్టారు

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు మోసపోయినా ముందు రెండో అంతస్తుకి వెళ్తారు. అక్కడ రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్‌గారుంటారు. ఇలాంటాయన ప్రతి కాలనీలోనూ ఒకరుంటారనుకోండి. కంప్లయింటు ఇంగ్లీషులో రాసిపెడతారని వెళ్తాం. రాస్తారు. కాకపోతే, జరిగిన మోసం ఏ జాతిదో తేలాకే పెన్ను తీస్తారు.

మొన్న కింది ఫ్లాటు కుర్రాడు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"సార్, స్కామైపోయాను! ఓటీపీ చెప్పేశాను. యాభై వేలు పోయాయి."

"కూర్చో. స్కాము అవతలివాడు నడిపేది. నువ్వెలా అవుతావు? ఎవరినని ఫోన్ చేశాడు?"

"బ్యాంకు నుంచని. అమ్మాయి సార్. చాలా మర్యాదగా మాట్లాడింది."

మాస్టారి మొహం వెలిగిపోయింది. "అలా చెప్పు! నమ్మించి లాగితే కాన్ అంటారు. 1849లో న్యూయార్కులో ఒకడు దారిన పోయే పెద్దమనుషుల్ని పలకరించి, నామీద నమ్మకముంటే మీ వాచీ రేపటిదాకా ఇస్తారా అనేవాడు. ఇచ్చేవాళ్లయ్యా! వాడు దొరికాక పేపర్లు కాన్ఫిడెన్స్ మ్యాన్ అని రాశాయి. అందులో ముక్కే ఈ కాన్."

"సార్, నా డబ్బు..."

"హోక్స్ అని మాత్రం రాయించకు. దానికి డబ్బే పోనక్కర్లేదు, పరువు పోతే చాలు. ఇంగ్లండులో పిల్ట్‌డౌన్ పుర్రె లేదూ? మనిషి పుర్రెకి ఒరాంగుటాన్ దవడ జతచేసి 1912లో ఆదిమానవుడన్నారు. 1953లో గానీ గుట్టు రట్టు కాలేదు."

వంటింట్లోంచి మాస్టారి భార్య కేకేశారు: "ముందు 1930కి ఫోన్ చెయ్యి నాయనా! బారసాల తర్వాత చేసుకోవచ్చు."

మాస్టారికి మోసగాళ్ల మీద కోపం లేదు. మాట తప్పుగా వాడేవాళ్ల మీదే. పాలల్లో నీళ్లు కలిపితే చీటింగట, లేని స్థలానికి దస్తావేజులు పుట్టిస్తే ఫ్రాడట, చీటీల డబ్బుతో ఊరు దాటితే స్విండిలట. ఇంత నిక్కచ్చి మనిషీ ఒక్కచోట కాస్త సడలుతారు. బావమరిది అప్పు ఎగ్గొట్టడం స్విండిల్. సొంత తమ్ముడు ఎగ్గొట్టడం 'చిన్న మిస్‌అండర్‌స్టాండింగ్'.

ఫోర్‌ట్వంటీ అన్నా ఒప్పుకోరు. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షను 318 అయింది కదా అంటారు. మా వీధిలో ఎవరైనా ఎవరినైనా త్రీ వన్ ఎయిట్ గాడా అని తిట్టగా నేనైతే వినలేదు.

ఆయనకి షుగరు. నిన్న మైసూర్‌పాకు డబ్బా సగానికి దిగింది. తిన్నారా అని ఆవిడ అడిగితే, "పొద్దున్నుంచి పేపరు చదువుతున్నా కదే" అన్నారట.

"అబద్ధమాడుతున్నారా?"

"అబద్ధం కాదు, ప్రివారికేషన్. సూటిగా చెప్పకుండా పక్కకి తిప్పడం."

ఆవిడ డబ్బా అటక మీద పెట్టేసి, ఇంట్లో ఉన్న ఒక్క స్టూలూ మా ఇంట్లో ఇచ్చి వెళ్లారు.