గత 7 రోజుల్లో ఎలా ఉన్నారు?

నన్ను చూసి పరీక్ష పేపరనుకుంటారు. నాలో తప్పొప్పులు లేవు. ప్రతి వాక్యం ఎదురుగా 0 నుంచి 4 దాకా అంకెలుంటాయి. గత 7 రోజులకు ఏది సరిపోతుందో దాని చుట్టూ సున్నా చుట్టడమే. బాధ చెప్పే వాక్యాలకు అంకె తిరగేసి కూడతారు. అందుకే మొత్తం ఎంత పెరిగితే అంత నయం. 148 నిండు మార్కులు. నా పేరు ఫ్యాక్ట్-బీఎంటీ. క్యాన్సర్ రోగులందరికీ పనికొచ్చే మా అన్న 1993లో అచ్చయ్యాడు, మూలకణాల మార్పిడి చేయించుకునేవాళ్ల కోసం నేను 1997లో.

నా బతుకులో పెద్ద పని బోస్టన్‌లో, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పడింది. అడ్మిట్ అయిన కొత్తలో రోగి నన్ను ఓపిగ్గానే నింపుతాడు. గడ్డకట్టించి దాచిన కణాలు ఎక్కిస్తే, వాటితో కలిపిన మందు వల్ల గదంతా వెల్లుల్లి వాసన. రెండో వారానికి కీమో దెబ్బ తెలుస్తుంది. నోరంతా పుండ్లు, ఉమ్మి మింగాలన్నా ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు మళ్లీ నన్నే తెచ్చి చేతిలో పెడతారు. నిద్ర బాగా పడుతోందా అని అడగడానికి నాకే మొహం చెల్లదు. చెయ్యి వణికి, 1 చుట్టూ మొదలైన గీత 2 మీదికి పాకుతుంది. పడకగది ప్రశ్న దగ్గర పెన్ను ఆగితే, చెప్పడం ఇష్టం లేదనడానికి పక్కనే గడి ఉంది. ఉద్యోగం ఉంటుందా, మార్పిడి పనిచేస్తుందా అన్న దిగులు కూడా నేనే అడగాలి. రక్తపరీక్షకు ఆ గొడవ పట్టదు.

ఆ పాట్లు ఎలాగూ తప్పవనే అనుకునేవారు. అక్కడే 2014లో మొదలైన ట్రయల్‌లో 160 మంది రోగులను రెండు గుంపులు చేశారు. ఒకదానికి మామూలు వైద్యమే. రెండోదాన్ని అదనంగా పాలియేటివ్ కేర్ బృందం వారానికి కనీసం రెండుసార్లు పలకరించేది: నొప్పి, వికారం, నిద్ర, భయం. పాలియేటివ్ అనగానే చివరి ఘడియలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వీళ్లు నయం చేయించుకోవడానికొచ్చినవాళ్లండీ! ఫలితాలు 2016లో వచ్చాయి. రెండో వారానికి రెండు గుంపుల మార్కులూ పడ్డాయి. మామూలు వైద్యంలో సగటున 21.54, ఆ బృందం చూసినవాళ్లలో 14.72.

మూడు నెలలకు మళ్లీ నింపిస్తే సగటున బృందం చూసినవాళ్లకు 112, మామూలు వైద్యం వాళ్లకు 106.66. తేడా తగ్గినా మాసిపోలేదు. డిప్రెషన్ లక్షణాలూ బృందం చూసిన గుంపులోనే తక్కువట. వాటిని కొలిచింది వేరే కాగితాలు. ఆ ఘనత నాది కాదు.