నా కొడుకు ఎవరి కొడుకు?

కర్ణాటకలోని మా ముళబాగిలులో బోర్డులు కన్నడంలో ఉంటాయి, అర్జీలూ కన్నడంలోనే పెట్టుకుంటాం. కోపం మాత్రం చాలామందికి ఇంటి భాషలో వస్తుంది, అంటే తెలుగులో. దీనిమీద ఏ భాషాభిమానీ ధర్నా చేసినట్టు లేదు. "నా కొడకా" అన్నా "నన్ మగనే" అన్నా తగలాల్సిన చోటే తగులుతుంది కదా.

2023 జులైలో పదిహేను కిలోల టమాటా బాక్సు రెండు వేలు దాటింది. అలాంటి రోజున వడ్డహళ్లి మార్కెట్లో హర్రాజు అయ్యాక "కొట్టేసినావు కదరా నా కొడకా!" అని వాటేసుకుంటారు. ధర పడిపోయి కాయ రోడ్డుపాలైన రోజున మండీవాడినీ అదే మాట అంటారు. గొంతు మారుతుంది, అంతే.

కన్నతల్లి నోట ఆ మాట దీవెన. పరాయి మగవాడు అంటే దాని తాత్పర్యం పత్రికలో రాయలేం. చూచాయగా చెప్పాలంటే, ఆ ఇంటితో తనకు పాత పరిచయం ఉందని. తిట్టు తిన్నది మార్కెట్లో ఉన్నవాడు, పరువు పోయింది ఇంట్లో సంగటి కెలుకుతున్న తల్లిది. పాపం, ఆమెకింకా ఆ రోజు ధరే తెలియదు.

ఆడవాళ్ల తిట్లలో ఇంత చుట్టుదారి తక్కువ. "నీ నోట్లో మన్ను పడ", "నీ పాడె కట్ట" అంటే నోరెవరిదో, పాడె ఎవరికో అనుమానం అక్కర్లేదు. కొళాయి దగ్గర ఇద్దరాడవాళ్లు "నీ తాడు తెగ" అనుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. అందులో చావాల్సింది మొగుడు. ఆయన ఆ వేళకి హోటల్లో రెండో దోసెకి చెప్పి కూర్చుని ఉంటాడు.

ఇంత సూటిగా తిట్టినందుకు ఆడమనిషికి దక్కే బిరుదు గయ్యాళి. ఎదుటివాడి తల్లిని బజారుకీడ్చిన పెద్దమనిషిది మాత్రం "నోరు కటువేగానీ మనసు వెన్న".

ఇక చట్టం సంగతికొస్తే, 2024 జులై 1 నుంచి కొత్త భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. నలుగురిలో బూతులు మాట్లాడి ఇబ్బంది పెడితే 296వ సెక్షను: మూడు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. స్త్రీని అవమానించాలని అంటే 79వ సెక్షను కింద మూడేళ్ల దాకా పడొచ్చు. మార్కెట్లో ఇద్దరు మగవాళ్లు తిట్టుకుంటే, అక్కడ లేని ఆ తల్లి దేనికిందికి వస్తుందో ప్లీడర్లు తేల్చాలి.

మరునాడు సంగతి చెవినబడి, ఆమె వీధిలోకొచ్చి "వాడి పాడె కట్ట!" అందనుకోండి. అప్పుడు కదులుతారు ఊరి పెద్దలు, ఆడమనిషికి అంత నోరేమిటని పంచాయితీ పెట్టడానికి.