పిస్తోలు గుమాస్తా

అమెరికాలో పాత మిలటరీ పిస్తోళ్లు పోగేసే మనిషి అనగానే మనకి కౌబాయ్ సినిమా గుర్తుకొస్తుంది. టోపీ, మీసాలు, నడుముకి బెల్టు. అసలు మనిషిని చూస్తే నిరాశే. చత్వారపు కళ్లద్దాలు, చేతిలో భూతద్దం, జేబులో చిన్న టార్చి, చంకలో లావుపాటి పుస్తకం. పిస్తోలు చేతికిస్తే గురిపెట్టడు. ముందు ఖాళీగా ఉందో లేదో చూసుకుని, తర్వాత బోర్లించి నంబరు చదువుతాడు. నన్నడిగితే ఈయనలో ఉన్నది సైనికుడు కాదు, గుమాస్తా. సైన్యాలు వదిలించుకున్న పిస్తోళ్ల మీద మోజు తరాలు మారినా తగ్గలేదంటే, అందులో మందుగుండు వాసన వాటా కన్నా రికార్డు గది వాసన వాటానే ఎక్కువ.

జర్మన్ సైన్యం 1908లో తీసుకున్న లూగర్‌నే చూడండి. పిస్తోలు ఒంటి మీద పూర్తి నంబరు, చిన్నాచితకా భాగాల మీద ఆ నంబరులోని చివరి రెండంకెలు, వెంట ఇచ్చిన మేగజైన్ల అడుగున మళ్లీ అదే నంబరు కొట్టేవారు. ఒకదాని భాగాలు ఇంకోదాంట్లో కలిసిపోకుండా చేసుకున్న ఏర్పాటు అది. మన పెద్దమనిషి దాన్ని జాతకాల పొంతన దాకా తీసుకెళ్లాడు. అన్నీ కలిస్తే సంబంధం ఖాయం, కట్నం ఎంతైనా ఇస్తాడు. ఎక్కడో ఒక చీల మీద 47 బదులు 74 కనబడిందా, మొహం మాడ్చుకుని బేరం దించేస్తాడు. రెండూ ఒకేలా పేలతాయని ఆయనకీ తెలుసు. అమ్మేవాడు ‘మా తాత దీన్ని ఒక జర్మన్ అధికారి నడుము నుంచి లాక్కొచ్చాడు’ అని మొదలుపెడితే చెవిన పెట్టడు. తుపాకీ కొను, కథ కొనకు అన్నది వీళ్లలో సామెత లాంటి మాట. అదే ఆ తాతకి పై అధికారి సంతకం చేసిచ్చిన అనుమతి కాగితం ఉంటే మాత్రం కళ్లు మెరుస్తాయి, కాగితానికి విడిగా ధర కడతాడు. ప్రభుత్వం కూడా ఈయన స్వభావం కనిపెట్టినట్టే ఉంది. యాభై ఏళ్లు దాటిన తుపాకులు సేకరించేవారికి మూడేళ్లకి 30 డాలర్ల లైసెన్సు పెట్టి, ఏది ఎప్పుడు వచ్చిందో, ఎవరికి పోయిందో రిజిస్టరు రాయమంది. ఇంకొకరికైతే అది తలనొప్పి. ఈయనకి సగం ఆనందం అక్కడే.

ఇక అమెరికన్ల 1911 మోడల్. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్తోలు 1985లో బెరెట్టా వచ్చేదాకా సైన్యం నడుముకి వేలాడింది. రెండో ప్రపంచ యుద్ధంలో వీటిని అందరికన్నా ఎక్కువగా చేసింది రెమింగ్టన్ రాండ్, అంటే టైపురైటర్ల కంపెనీ. 8 లక్షల 70 వేల పైచిలుకు. గుమాస్తాగిరీకీ పిస్తోలుకీ ఇంతకన్నా దగ్గరి చుట్టరికం ఏం కావాలి? కుట్టుమిషన్ల సింగర్ ఒక 500 చేసి ఊరుకుంది. వాటిలో ఒకటి వేలానికొస్తే పాట లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. 2018లో సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ సంస్థ సైన్యం గోదాముల్లోని 1911లను 850 నుంచి 1,050 డాలర్లకి అమ్మకానికి పెట్టింది. అంతకన్నా తక్కువలో కొత్త పిస్తోలే వస్తుంది. పైగా దరఖాస్తు పోస్టులో పంపాలి, నేర చరిత్ర తనిఖీ రెండుసార్లు, లాటరీలో నంబరు తగలాలి, ఏ కంపెనీది కావాలో అడగడానికి వీల్లేదు. ఇన్ని తిప్పలున్నా దాదాపు 19 వేల మంది పంపారు. తిప్పలున్నాయి కాబట్టే పంపారని నా అనుమానం.

చవక కాబట్టి కొంటారు, ఇందులో ఇంత తవ్వడానికేముంది అనేవాళ్లున్నారు. ఒకప్పుడు నిజమే. రష్యా నాగాంట్ రివాల్వర్ గ్రీజు పూసుకుని వంద డాలర్ల లోపు దొరికేది. ధర ఎన్నో రెట్లయ్యాక మోజూ పోవాలిగా, పోలేదు. కాల్చడానికి బాగుంటాయి అన్నది ఇంకో వాదన. 1911 విషయంలో ఒప్పుకుంటాను, ఒహాయోలోని క్యాంప్ పెర్రీ పోటీల్లో దాని మర్యాద దానికుంది. మరి నాగాంట్ సంగతి? గుర్రం (హ్యామర్) ఎక్కుపెట్టకుండా ట్రిగ్గర్ నొక్కాలంటే వేలు చాలదు, భుజం దాకా బలం కావాలి. ఏడు తూటాలూ కాల్చాక ఖాళీ గుల్లల్ని కడ్డీతో ఒక్కొక్కటే తోసి తియ్యాలి. పాత మిలటరీ తూటాలైతే తుప్పు పట్టించే లవణం మిగులుతుంది, ఇంటికొచ్చి గొట్టాన్ని వేణ్ణీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాయాలి. ఆయన ఈలవేసుకుంటూ ఈ చాకిరీ అంతా చేస్తాడు. కాల్చేటప్పుడు మాత్రం ఈలవేయడు.

మనుషుల్ని చంపడానికి చేసిన వస్తువుని ఇలా ముద్దుచేయడమేమిటన్నది అసలైన అభ్యంతరం. దీన్ని నవ్వి దాటేయలేం. నాజీల ముద్ర ఉందని ధర పెంచడం నాకూ మింగుడుపడదు. పాతబడినంత మాత్రాన పిస్తోలు పిస్తోలు కాకుండా పోదు, దానికి తాళమూ కావాలి, లెక్కా కావాలి. ఆ రెండిటి మీదా ఈయనకున్న శ్రద్ధ, తలగడ కింద తుపాకీ పెట్టుకుని పడుకునే వాడికి ఉండదు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లెవరికైనా ఇలాంటి పొరుగాయన దొరికితే, కాఫీకి పిలిచినప్పుడు నిశ్చింతగా వెళ్లండి. కాకపోతే ఆయన రిజిస్టరు తీయకముందే లేచి వచ్చేయండి.